నావ్ అంటే

సిరొంచలో ఎరువుల దుకాణం మేడ మీద
యూరియా వాసన మెట్లెక్కి వచ్చే గదిలో
ఆరింటికి నా ట్యూషన్.
నల్లబల్ల లేదు, గోడకే నల్లరంగు పూశాను.
వానాకాలం చెమ్మెక్కి
హెక్సేన్ సగంలోంచి కారిపోతుంది.

మొదటిరోజు ఒక పిల్ల ఆలస్యంగా వచ్చి గడపలో నిలబడింది.
అలవాటు కొద్దీ మరాఠీలో అడిగాను:
"తుఝ నావ్ కాయ్?"
ఏడు దాకా నది అవతల తెలుగులో చదివిన పిల్ల,
కాసేపు ఆలోచించి చెప్పింది:
"మా నాయినది నావ కాదు సార్, నాటు పడవ.
బ్రిడ్జి పడ్డంక ఒడ్డుకు బోర్లేసిండు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ నవ్వు ఇంకా నా దగ్గరే ఉంది, ఎవరికి తిరిగివ్వాలో తెలీక.

మోర్ల పోశక్క, అంది.
రిజిస్టరులో రాశాను: పోశక్క లస్మయ్య మోర్ల.
తొంగిచూసి, "నన్ను తిరగేసి రాసిన్రు" అంది.

కర్బనాలకూ అంతే, ఇంటిపేరు చివర.
ముందు కొమ్మలు, వాటి గుమ్మాల అంకెలు,
అందరి వెనకా నడిచే పెద్దాయనలా "ఏన్".
మొదటి నలుగురికి ముద్దుపేర్లు దొరికాయి:
మీథేన్, ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్.
ఐదోది పుట్టేసరికి ఎవరికి ఓపిక?
గ్రీకులో ఐదు, గ్రీకులో ఆరు, లెక్కే పేరయింది.

పొడవైన గొలుసు వెతకండి, అన్నాను,
తిన్నగా ఉండక్కర్లేదు,
ప్రాణహిత ఎన్ని మెలికలు తిరిగినా ప్రాణహితే కదా.
"ఏ ఒడ్డు నుంచి లెక్కవెట్టాలె?"
కొమ్మ ఏ ఒడ్డుకు దగ్గరైతే అటునుంచి.
ముంబై నుంచి లెక్కపెడితే
మా ఊరు ఆఖరి కర్బనం.
నది అటునుంచి లెక్కపెడితే ఒకటో రెండో.
చిన్న అంకె వచ్చే వైపే సరైనదని శాస్త్రం అంటుంది.
తాలూకా ఆఫీసు అనదు.

నానబెట్టిన శనగలు, చీపురుపుల్లలు తెమ్మన్నాను.
మీథేన్ ఎలా ఉంటుందో నేను చెప్పేలోపే
పోశక్క కాలి కింద నుంచి పీకి చూపింది:
పల్లేరుకాయ.
ఎలా పడేసినా మూడు ముళ్లు నేలకి, ఒకటి ఆకాశానికి.
ముప్పై ఏళ్లుగా నేను గీసిన బొమ్మలన్నీ
ఆ క్షణం బల్లపరుపుగా కనపడ్డాయి.

మూడు శనగల ఉంగరం విరిగింది.
ఒకే బైకు మీద ముగ్గురిలా
ఇరుక్కుని, మోచేతులు ఒంగక, పుల్ల పటుక్కుమంది.
నాలుగుది మూల ముడుచుకుంది.
ఐదుది మూత తెరిచిన కవరు.
ఆరుది తనంతట తనే కూర్చుంది,
ఒక చివర పైకి, ఒక చివర కిందికి: కుర్చీ.
కింది చివరను వేలితో పైకి ఎత్తాను: పడవ.

"పడవల నిమ్మలం ఉండదు సార్," అంది.
నిజమే. రెండు కొనల మీది హైడ్రోజన్లు
ముఖాముఖి తలలు ఢీకొట్టుకుంటాయి.
ఎవరూ పడవలో కాపురం ఉండరు,
కానీ ఈ కుర్చీలోంచి ఆ కుర్చీలోకి
వెళ్లాలంటే మధ్యలో పడవ ఎక్కాల్సిందే.
దాటాక, నిటారుగా నిలబడినవి పక్కకి వాలతాయి,
పక్కకి చాచినవి నిటారుగా లేస్తాయి.
పైకి చూసేది మాత్రం ఇంకా పైకే చూస్తుంది.

ఆమె ఇది రాసుకోలేదు.
శనగ ఒకటి నోట్లో వేసుకుంది.

మూడోరోజు కిటికీలో నమూనాలు మొలకెత్తాయి.
ఒక్కో కర్బనానికి తెల్లగా, తడిగా, ఐదో చెయ్యి.
తప్పు, అన్నాను.
మార్కులు పోతాయి, అన్నాను.
తుంచుదామని చెయ్యి చాచి
గ్లాసులో నీళ్లున్నాయేమో చూశాను.